పదకొండు మంది చెప్పిన ఒకే జవాబు

ఉద్యోగంలో నాకు రెండు ప్రమోషన్లు వచ్చాయి. వాటి గురించి చెప్పాల్సింది అంతే. జమ్‌షెడ్‌పూర్‌లో ఒక స్కూల్లో ముప్పై నాలుగేళ్ల రెండు నెలలు ఇంగ్లీషు చెప్పాను. రిటైరయ్యాక సిద్ధగోరాలో తెలుగువాళ్ల సంఘం హాల్లో, సోమ, బుధ, శుక్రవారాలు, సాయంత్రం నాలుగు నుంచి అయిదున్నర దాకా, ఏడేళ్లు పెద్దవాళ్లకి స్పోకెన్ ఇంగ్లీషు చెప్పాను. మెట్లెక్కలేమని మోకాళ్లు మొరాయించాక మానేశాను.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను. పాఠం ఎలా చెప్పాలో మీకు ట్రైనింగులో చెబుతారు. పాఠం బాగా చెప్పి మనిషిని ఎలా పాడుచేయవచ్చో చెప్పరు. ఆ విషయంలో నాకు గట్టి అనుభవం ఉంది, అదీ లెక్కలతో సహా. నేను రోజూ డైరీ రాస్తాను. ఏ రోజు ఏ పాఠం, ఎంతమంది వచ్చారు, ఎవరు ఎన్ని నిమిషాలు ఆలస్యం, అన్నీ అందులో ఉంటాయి. "నువ్వు మన పెళ్లిలో కూడా హాజరు వేసుకుని ఉంటావు" అని మావారు ఎగతాళి చేసేవారు. వేసుకున్నాను. మూడువందల పన్నెండు.

అందరూ అడిగేవి రెండే

పెద్దవాళ్లు గ్రామరు కోసం ఇంగ్లీషు నేర్చుకోవడానికి రారు. "దీన్ని ఇంగ్లీషులో ఏమంటారు మేడమ్?" అని అడగడానికి వస్తారు. ఒకసారి ఒక వారం పాటు అలా అడిగినవన్నీ రాసిపెట్టాను. నలభై వాక్యాలు వచ్చాయి. వాటిలో ముప్పై ఒకటి రెండే రకాలు: నేను ఇది చేయగలను, లేదా చేయలేను, నేను ఇందుకోసం చేశాను, లేదా ఇందుకోసం నాకిది కావాలి. రైల్వేలో పనిచేసే ఒకాయన "నైట్ డ్యూటీ చేయగలను గానీ వరసగా నాలుగు చేయలేను" అని చెప్పుకోవాలి. ఒక కోడలు "పాపకి సూది వేయించడానికి సెలవు కావాలి" అని రాయాలి. మనిషి తన పై అధికారితో జీవితమంతా మాట్లాడేది దాదాపు ఈ రెండు సంగతులే.

మనకి ఇవి ఒక్కో తోకతో అయిపోతాయి. చేయగలను, చేయడానికి. ఇంగ్లీషులో దేని ముక్క దానిదే. చేయగలను అంటే 'కెన్'. ఇప్పటి సంగతికీ, ఎప్పుడూ ఉండే నేర్పుకీ అది చాలు. నిన్న ఒక్కసారి జరిగినదానికి మాత్రం 'కుడ్' సరిపోదు. 'ఐ కుడ్ స్విమ్' అంటే అప్పట్లో ఈత వచ్చేదని. నిన్న పరుగెత్తి ట్రైను అందుకున్నాననడానికి 'ఐ మేనేజ్డ్ టు క్యాచ్ ది ట్రైన్' అంటారు. 'వజ్ ఏబుల్ టు' అన్నా ఫరవాలేదు. అందుకోలేకపోతే 'కుడంట్' చాలు. ట్రైను పోయినవాడికి భాష సుళువు.

ఇక ఎందుకోసం అన్న సంగతి. మనవాళ్లు 'కోసం' అనగానే 'ఫర్' పట్టుకుంటారు. 'ఐ కేమ్ ఫర్ మీటింగ్ హిమ్' అంటారు. 'టు మీట్ హిమ్' అంటే చాలు. రోజువారీ మాటల్లో చాలాచోట్ల ఆ ఒక్క 'టు' సరిపోతుంది. ఒకరు చేసే పని వల్ల ఇంకొకరికి ఏదో వీలు కావాలంటే 'సో దట్' వస్తుంది. 'స్పీక్ స్లోలీ సో దట్ షి కెన్ ఫాలో', ఆవిడకి అర్థమయ్యేలా మెల్లగా మాట్లాడు. నోటి మాటల్లో ఆ 'దట్' కూడా మింగేస్తారు. మర్చిపోకుండా రాసుకున్నాననడానికి 'ఐ రోట్ ఇట్ డౌన్ సో ఐ డోంట్ ఫర్‌గెట్'. 'ఇన్ ఆర్డర్ టు' ఆఫీసు కాగితాలకి బాగుంటుంది. నోటితో అంటే కూరగాయల బజారుకి పట్టుచీర కట్టుకెళ్లినట్టు ఉంటుంది.

ఇదంతా నాకు తెలుసు, క్లాసులో చెప్పాను కూడా. కానీ నాకు పట్టుచీరలంటే ఇష్టం. 'ఇన్ ఆర్డర్ దట్ ఐ మే బీ ఏబుల్ టు' అని ఎక్కడైనా రాయడానికి సందు దొరికితే ఆ రోజు అన్నం బాగా సహించేది. ఇంకో జబ్బు కూడా ఉండేది. 'కెన్ యూ ఓపెన్ ది విండో?' అంటే ఒక కుర్రాడు 'ఎస్, ఐ కెన్' అని కదలకుండా కూర్చున్నాడన్న జోకు. ముప్పై నాలుగేళ్లూ ప్రతి జూలైలో చెప్పాను. మూడో ఏడు తరవాత ఎవరూ నవ్వలేదు. అందరికీ వాళ్ల అక్కలూ అన్నలూ ముందే చెప్పేసేవారు.

బల్ల ఎత్తిన పిల్ల

నా సర్వీసులో పదకొండో ఏడు. స్కూలుకి ఇన్‌స్పెక్టరు వస్తున్నారని తొమ్మిదో తరగతి పిల్లలకి ఒక వాక్యం తయారుచేయించాను. 'ది టేబుల్ ఈజ్ టూ హెవీ ఫర్ మీ టు లిఫ్ట్.' బల్ల మరీ బరువు, నేను ఎత్తలేను. వట్టినే చెబితే ఏం బాగుంటుందని నటన కూడా పెట్టాను. ఒక పిల్ల ముందుకొచ్చి, నా బల్లని ఎత్తబోయి, ఆయాసపడి, ఓడిపోయి, అప్పుడు ఆ వాక్యం చెప్పాలి. ఆ పనికి సులోచనని ఎంచుకున్నాను. గొంతు పెద్దదని. ఆ పిల్ల రోజూ మూడో అంతస్తుకి నీళ్లు మోస్తుందని నాకు తెలియదు.

ఇన్‌స్పెక్టరు వచ్చి వెనక బెంచీలో కూర్చున్నారు. సులోచన వచ్చింది. బల్ల అంచు పట్టుకుంది. ఎత్తేసింది. రిజిస్టరు, డస్టరు, చాక్‌పీసుల డబ్బా, నా కళ్లజోడు, అన్నిటితో సహా. ఎత్తి, నా వైపు చూసి హిందీలో అడిగింది.

"టీచర్, కహాఁ రఖూఁ?"

ఎక్కడ పెట్టమంటారని. క్లాసంతా గొల్లుమంది. నేను పళ్ల సందు నుంచి "దింపు. ఎత్తలేనని చెప్పు" అన్నాను. దింపింది. వినయంగా చేతులు కట్టుకుని, ఒక్క తప్పు లేకుండా, తను ఎత్తలేనని ఇంగ్లీషులో చెప్పింది. ఇన్‌స్పెక్టరు చప్పట్లు కొట్టారు.

సాయంత్రం హెడ్మాస్టరు దాస్ సార్ పిలిచారు. ఒడియా ఆయన. నెమ్మదిగా మాట్లాడేవారు, అందుకే ఆయన మాటలు ఎక్కువ గుచ్చుకునేవి.

"ఆ పిల్ల వాక్యం బాగా చెప్పింది" అన్నారు.

"థాంక్యూ సార్."

"ఎత్తగలిగిన పిల్ల చేత ఎత్తలేనని చెప్పించారు. నేనైతే వాక్యం మార్చేవాణ్ణి."

"సిలబస్‌లో అలాగే ఉంది సార్."

"సిలబస్‌లో బల్ల ఉంది. సులోచన లేదు."

ఆ రోజు డైరీలో "హెడ్మాస్టరుకి ఇంగ్లీషు మెథడ్ తెలియదు" అని రాసి రెండు గీతలు పెట్టాను. స్కేలుతో.

పైడితల్లి

ఇప్పుడు అసలు తప్పు దగ్గరికి వస్తున్నాను. ఇది రిటైరయ్యాక, సంఘం హాల్లో చేసింది.

ఒక కంపెనీ ఆడవాళ్లని క్రేన్ ఆపరేటరు ట్రైనీలుగా తీసుకుంటామని ప్రకటించింది. షెడ్డు పైకప్పు కింద పట్టాల మీద నడిచే క్రేను, దాని క్యాబిన్‌లో కూర్చుని బరువులు ఎత్తి దించే పని. ముందు ఇంటర్వ్యూ, అందులో పది నిమిషాలు ఇంగ్లీషు. అది దాటితే ప్రాక్టికల్. నా క్లాసు నుంచి పదకొండు మంది దరఖాస్తు పెట్టారు.

వాళ్లలో పైడితల్లి ఒకతె. విజయనగరం వైపు నుంచి పెళ్లయి బిర్సానగర్ వచ్చింది. భర్త ఆటో నడుపుతాడు. ఈమె ఒక షెడ్డులో కాంట్రాక్టరు కింద బరువులు మోసే పనికి చేరింది. సైగలిచ్చే మనిషి రానిరోజు తనే ఇవ్వడం మొదలుపెట్టి, చివరికి అదే పని అయిపోయింది. ఇనప దూలాలకి గొలుసు కట్టి, కింద నిలబడి చెయ్యి ఊపితే, పైన క్రేను నడిపేవాడు దాన్నిబట్టి ఎత్తుతాడు, దించుతాడు. నాలుగేళ్లు చేసింది.

ముప్పై అయిదు నిండినవాళ్లకి ఆ ఉద్యోగానికి దరఖాస్తు లేదు. కంపెనీ ఏడాదికి ఒకసారే తీసుకుంటుంది. ఇంటర్వ్యూ రోజుకి పైడితల్లికి ముప్పై అయిదు నిండడానికి అరవై ఒక్క రోజులు ఉన్నాయి. ఆమె లెక్కపెట్టలేదు, నేను పెట్టాను. అంటే ఇదే మొదటిసారి, ఇదే ఆఖరుసారి.

"ఈ ఉద్యోగం ఎందుకు కావాలి అని తప్పకుండా అడుగుతారు" అన్నాను క్లాసులో. "ముందు తెలుగులో చెప్పు, చూద్దాం."

"ఎందుకంటే, ఒకపాలి గొలుసు జారిపోనాది టీచరుగోరు" అంది పైడితల్లి. "నేను ఆపు, ఆపు అని సెయ్యి ఊపతన్నాను. పైనోడు ఫోను సూసుకుంతన్నాడు. దూలం ఇదిగో, నా కాలికి జానెడు దూరంలో పడ్డాది. ఆడు కిందకి సూసి నవ్వీసినాడు. అప్పట్నించీ నాకు పైకెక్కాలనుంది. పైన నేనుంటే కిందోళ్లని సూత్తాను కదా."

ఇది వినగానే నాకు ఏమనిపించాలో మీకు తెలుస్తూనే ఉంది. నాకేమనిపించిందో రాస్తున్నాను. ప్రమాదం మాట ఎత్తకూడదు, ఉద్యోగం రాదు అనిపించింది. పైగా వాక్యాలు పొట్టివి.

"అలాంటివి ఇంటర్వ్యూలో చెప్పరు పైడితల్లీ. మర్యాదగా ఒకటి రాసిస్తాను, నేర్చుకో."

రాసిచ్చాను. తెలుగులో చెప్పాలంటే అది ఇలా ఉంటుంది: "క్రేను నడపవలెనన్నది నా చిన్ననాటి కల; దేశమునకు సేవ చేయగలిగేందుకును, వృద్ధులైన నా అత్తమామలను పోషించగలిగేందుకును ఈ ఉద్యోగమును కోరుచున్నాను." ఇంగ్లీషులో దీనికి రెండు 'ఇన్ ఆర్డర్ దట్'లు, ఒక 'మే బీ ఏబుల్ టు' పట్టాయి.

పైడితల్లి అర్థం అడిగింది. చెప్పాను.

"సిన్నప్పుడు కలేటండి? మా ఊర్లో క్రేనేటి, సైకిలే ఒకటుండేది."

"అలా అనడం పద్ధతి."

"మరి అత్తమామల్ని పోసించడమేటి? మా మావ పోనాడు. మా అత్తే నన్ను పోసిత్తంది. బారిడీహ్‌లో ఇడ్లీ బండి ఆవిడదే. నేను ఆవిడ్ని ముసిల్దన్నానని తెలిత్తే పెనంతో కొడతాది."

"ఆవిడకి ఇంగ్లీషు రాదుగా."

"రాదు గానీ దెబ్బ బాగా వచ్చు."

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. నలభైసార్లు చెప్పించాను. ముప్పై ఏడోసారికి గాలి పీల్చుకునే చోటు కూడా సరిగ్గా కుదిరింది. చూస్తే అంత బాగా వచ్చింది కదా, మిగిలిన పదిమందికి మాత్రం ఎందుకు అన్యాయం చేయాలి? వాళ్లకీ అదే ఇచ్చాను.

ఇంటర్వ్యూ

ఇంటర్వ్యూ గురువారం. ఏం జరిగిందో శుక్రవారం క్లాసులో విన్నాను. పైడితల్లి వరసలో తొమ్మిదోది.

"ఎలా అయింది?" అన్నాను. పెన్ను తీసుకుని కూర్చున్నాను కూడా.

"మీ వాక్యం ఆటోలాగుంది టీచరుగోరు. నేనెక్కీసరికే ఎనమండుగురు కూసున్నారు."

లోపల ముగ్గురు కూర్చున్నారట, మధ్యలో ఒక ట్రైనింగ్ ఆఫీసరమ్మ. ఎందుకు ఈ ఉద్యోగం అని అడిగారు. పైడితల్లి 'సిన్స్ మై చైల్డ్‌హుడ్' అనగానే ఆఫీసరమ్మ పెన్ను కింద పెట్టింది. "దేశసేవ. తరవాత అత్తమామలు. అంతేనా?" అని హిందీలో అంది. పక్కనున్నవాళ్లు నవ్వారు. పైడితల్లి వాక్యం అక్కడే తెగిపోయింది. నువ్వేం చేయగలవు అన్నది తరవాత ప్రశ్న. దానికి జవాబు నేను మొదటి వాక్యానికి తగిలించి నేర్పాను. మొదటిది తెగిపోతే రెండోది రాదు. పది నిమిషాల ఇంటర్వ్యూ నాలుగు నిమిషాల్లో అయిపోయింది.

"ఏం చేయగలవో అడిగితే చెప్పలేకపోయావా? నాలుగేళ్లు చేశావే!" అన్నాను.

"సెయ్యడం వచ్చండి. మీరు నేర్పింది గుర్తు రాలేదు. నాది సెప్పొచ్చని తెలీలేదు."

ఆ సాయంత్రమే ప్రాక్టికల్‌కి పిలిచినవాళ్ల లిస్టు గేటు దగ్గర అంటించారు. నా పదకొండు మందిలో ఒక్కరి పేరూ లేదు. లిస్టులో ఒక తెలుగు పేరు మాత్రం ఉంది. రెండు నెలల కిందట, మూడుసార్లు ఆలస్యంగా వచ్చిందని నేను క్లాసు నుంచి పంపించేసిన అమ్మాయిది. నా ఏడేళ్ల క్లాసులో నేను ఎవరికైనా చేసిన పెద్ద మేలు ఆమెకి చేసిందే.

ఆఫీసరమ్మ

సోమవారం పొద్దున్న ఆ ట్రైనింగ్ సెంటరుకి వెళ్లాను. గంటా ఇరవై నిమిషాలు కూర్చోబెట్టారు. లోపలికి పిలిచిన ఆఫీసరమ్మకి ముప్పై అయిదు, నలభై మధ్య ఉంటాయి. ఎవరి మనిషినని అడిగింది. ఎవరి మనిషినీ కాను, ఆ జవాబు రాసిన మనిషిని అన్నాను.

ఆవిడ కుర్చీలో వెనక్కి వాలింది. "ఆప్ హీ హైఁ? మీరేనా! నాకూ కంఠతా వచ్చేసింది. వినిపించనా?"

వినిపించింది. మధ్యలో ఒక 'ది' వదిలేసింది. దిద్దబోయి నాలుక కరుచుకున్నాను. నా జన్మలో అలా ఊరుకోవడం అదే మొదటిసారి.

ముందు రోజు ఒక ఉత్తరం రాసుకున్నాను. మొదటి చిత్తులో 'ఇన్ ఆర్డర్ దట్' మూడుసార్లు వచ్చింది. చింపేశాను. నాలుగో చిత్తులో నాలుగు వాక్యాలే మిగిలాయి. అది ఇచ్చాను. "వాళ్లు చెప్పిన జవాబు నాది. వాళ్ల జవాబు మీరింకా వినలేదు. తప్పు నాది కాబట్టి నష్టం వాళ్లకి రాకూడదు. మళ్లీ అడగమని కోరడానికి వచ్చాను."

ఆవిడ రెండుసార్లు చదివింది. "ఇంత సూటిగా రాయడం వచ్చినవాళ్లు వాళ్లకి అదెందుకు నేర్పారు?"

"బాగుంటుందని."

"ఎవరికి?"

ఆవిడ క్యాలెండరు చూసింది. "ప్రాక్టికల్ శనివారం. ఆ రోజు పొద్దున్న పదకొండు మందినీ ఇంకోసారి చూడగలను. ముగ్గురం ఒప్పుకుంటే రూలు అడ్డురాదు, మిగతా ఇద్దరినీ నేను ఒప్పిస్తాను. కానీ ఒక షరతు."

"చెప్పండి."

"శనివారం దాకా మీరు వాళ్లకి ఏమీ నేర్పకూడదు. ఒక్క ముక్క కూడా."

కష్టమైన షరతే పెడతారేమో అనుకున్నాను గానీ, ఇంత కష్టమైంది పెడతారనుకోలేదు.

బకెట్టు

ఆ షరతుకి భయపడి సోమవారం క్లాసు పెట్టలేదు. బుధవారం నాలుగింటికి పదకొండు మందీ హాల్లో ఉన్నారు. నేను షరతు చెప్పాను. బోర్డు ఖాళీగా ఉంది. నాకు చాక్‌పీసు కోసం వేళ్లు లాగుతున్నాయి.

"మీరు నేర్పకూడదు, అంతే కదా?" అంది పైడితల్లి. "మీరు నేర్సుకోకూడదని ఆవిడ సెప్పలేదు. పదండి మేడ మీదకి."

రెండంతస్తుల మేడ. నీళ్లు నింపిన ఇనప బకెట్టు కింద పెట్టింది. తాడు కొస పైన నా చేతికిచ్చింది. పిట్టగోడ అడ్డం, నాకు బకెట్టు కనిపించదు. కింద పెరట్లో దూరంగా నిలబడ్డ పైడితల్లి చెయ్యి మాత్రం కనిపిస్తుంది. "నేను క్రేను డ్రైవరునా?" అన్నాను. "డ్రైవరు కాదు, క్రేనే" అంది వెనక నుంచి ఎవరో. ఇద్దరు నా నడుం పట్టుకున్నారు, పడిపోకుండా.

చూపుడువేలు పైకి తిప్పితే ఎత్తాలి. కిందకి తిప్పితే దించాలి. పిడికిలి బిగిస్తే ఆపాలి. మూడు సైగలు. ఎనిమిదేళ్ల పిల్లకి కూడా వస్తాయి. నేను మొదటి నిమిషంలోనే పిడికిలిని చూసి ఇంకొంచెం గట్టిగా లాగమని అర్థం చేసుకున్నాను. బకెట్టు గోడకి కొట్టుకుని, సంఘం సెక్రటరీగారి స్కూటరు సీటు మీద సగం నీళ్లు కుమ్మరించింది.

"స్టాప్!" అని అరిచింది పైడితల్లి కింద నుంచి. షెడ్డులో అరిచే గొంతు అది, నేనెప్పుడూ వినలేదు. "స్టాప్ మీన్స్ స్టాప్! యూ కెనాట్ సీ! ఐ కెన్ సీ! యూ లుక్ మై హ్యాండ్ ఓన్లీ! గో స్లో, సో బకెట్ నాట్ షేక్!"

నేను తాడు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. అలవాటు ప్రకారం తప్పులు లెక్కపెట్టాను. మూడు వచ్చాయి. అర్థం కాని మాటలు లెక్కపెట్టాను. ఒక్కటీ లేదు. తను ఏం చేయగలదో ఉంది, నేనేం చేయలేనో ఉంది, ఎందుకు చెప్పినట్టు వినాలో ఉంది. ఏ నోటుబుక్కులోనూ లేని ఆ ఇంగ్లీషు నాలుగేళ్ల నుంచి ఆమె దగ్గరే ఉంది. వారానికి మూడు రోజులు నా ఎదురుగా కూర్చుంటే, నేనే నోరు విప్పనివ్వలేదు.

"ఏటలా సూత్తారు? దించండి!"

దించాను. రెండోసారి గోడకి తగలలేదు. మూడోసారి బకెట్టు ఒక చుక్క ఒలక్కుండా పైకి వచ్చింది. మిగిలిన పదిమందీ వంతులవారీగా కింద నిలబడి నా మీద అరిచారు. ఒకతె హిందీ కలిపింది, ఇంకొకతె తిట్టు కూడా కలిపింది. ఎవరి అరుపు వాళ్లది, ఏ రెండూ ఒకలా లేవు. నా అరచేతులు బొబ్బలెక్కాయి. ఆరు.

కొత్తవాళ్లకి ఒక మాట. ఇప్పుడు మీ ఫోన్లు నాకంటే నున్నటి జవాబులు రాసిస్తాయి, అడిగినవాళ్లకల్లా అవే ఇస్తాయి. ఇవ్వడంలో నాకంటే వేగం కూడా. మీరు వాటితో పోటీ పడకండి. వచ్చిన మనిషి ఏం చేయగలదు, ఎందుకు చేయాలనుకుంటోంది అన్నది మొదట ఆమెకి వచ్చిన భాషలో ఆఖరిదాకా వినండి. మధ్యలో ఆపకండి. అప్పుడు 'కెన్' ఎక్కడ, 'సో దట్' ఎక్కడ అన్నది ఒక అరగంట పని. నేను ముందు అరగంట పని చేసి, అసలు పనికి టైము లేదన్నాను.

మంగళవారం

శనివారం పదకొండు మందీ వెళ్లారు. నేను వెళ్లలేదు. ఇంట్లో కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరాను. బియ్యం పాకెట్టువి, రాళ్లు లేవు.

ఇంటర్వ్యూ తరవాత ఏడుగురిని ప్రాక్టికల్‌కి ఉంచారని తెలిసింది. ఫలితం మంగళవారం. ఆ పొద్దున్నే లెక్కేసుకున్నాను, పైడితల్లికి ముప్పై అయిదు నిండడానికి ఇంకా నలభై తొమ్మిది రోజులు. తీసుకోకపోతే ఆ నలభై తొమ్మిదీ ఎందుకూ పనికిరావు.

మంగళవారం క్లాసు లేదు, అయినా సాయంత్రం నాలుగింటికి నేనే హాలు తాళం తీసి కూర్చున్నాను. నాలుగూ పదిహేనుకి పైడితల్లి వచ్చింది. చేతిలో స్టీలు గిన్నె. గిన్నె నిండా ఇడ్లీలు. మొహం చూస్తే ఏమీ తెలియలేదు.

"మా అత్త పంపింది" అంది. "పదకొండు మందిలో ముగ్గురికి వచ్చింది టీచరుగోరు."

"ఎవరెవరికి?"

ఇద్దరి పేర్లు చెప్పింది. ఆగింది. తను ఆగింది నాకు ఆగడం నేర్పడానికేనని ఇప్పటికీ అనుకుంటాను.

"మూడో పేరు?"

"తినండి ముందు."

"పైడితల్లీ!"

"నాదేనండి. వచ్చే సోమవారం నుంచి పైకెక్కడమే."

కళ్లజోడు తీసి తుడుచుకున్నాను. గిన్నెలో ఇడ్లీలు పద్నాలుగు. అంతకంటే ఏం చేయాలో తోచలేదు. కళ్లజోడు పెట్టుకుని అడిగాను.

"ఎందుకీ ఉద్యోగం అని మళ్లీ అడిగారా?"

"అడిగినారు. ఆ ఆఫీసరమ్మే అడిగింది."

"ఏం చెప్పావు?"

"సెప్పేను. ఆవిడ పెన్ను కింద పెట్టలేదు, రాసుకుంది. పక్కనున్నాయన ఇంకోపాలి సెప్పమన్నాడు."

"ఇంగ్లీషులోనే?"

"సగం ఇంగ్లీసు, సగం సెయ్యి."

"సరే, మాట మాటా చెప్పు, వింటాను" అని, మర్చిపోకుండా రాసుకుందామని పెన్ను తీశాను.

పైడితల్లి ఆ పెన్ను వైపు చూసింది. గిన్నె ఇంకాస్త నా ముందుకి జరిపింది.

"సెప్పనండి."

"ఎందుకే?"

"సెప్తే, వచ్చే ఏడు ఇంకో పదకొండు మందికి నేర్పీత్తారు."